బడిని ఫారంతో అడిగితే చెప్పదు

"మా ప్రధానోపాధ్యాయులు ఉపాధ్యాయుల అభిప్రాయాలకు తగిన విలువ ఇస్తారు." దీని ఎదురుగా ఐదు గడులు. పూర్తిగా ఏకీభవిస్తాను అన్నచోట మొదలై, ఏమాత్రం ఏకీభవించను అన్నచోట ఆగుతాయి. ఇలాంటి వాక్యాలు యాభై దాకా ఉన్న ఫారం ఈమధ్య మా స్టాఫ్‌రూమ్‌కి వచ్చింది. తయారుచేసింది మా చెల్లెలి కూతురే. గుంటూరులో ఒక ప్రైవేటు బీఈడీ కాలేజీలో పాఠాలు చెప్తూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తోంది. ఉన్నత పాఠశాలల్లో సంస్థాగత వాతావరణం, ఉపాధ్యాయుల ఉద్యోగ సంతృప్తి అన్నది ఆమె అంశం. డీఈఓ ఆఫీసు నుంచి అనుమతి పత్రం తెచ్చుకుని జిల్లాలో కొన్ని బడులు ఎంచుకుంది. వాటిలో మాదీ ఉంది.

ఆ ఫారాలు ఎలా నిండాయో చెప్పాలి. హెచ్‌ఎం గారు అటెండర్‌ని పిలిచి అందరికీ పంచమన్నారు. "భోజనాల లోపు ఇచ్చేయండి, ఆ అమ్మాయి బయట కూర్చుంది" అన్నారు. మా లెక్కల మాస్టారు మొదట అడిగిన మాట: "ఇది ఆఫీసు నుంచి వచ్చిందా?" డీఈఓ అనుమతి ఉందట అని ఎవరో చెప్పారు. ఆయన ఇక ఏమీ అడగకుండా పెన్ను తీసి, రెండో గడిలో వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. పేరు రాయనక్కర్లేదని పైన రాసే ఉంది. దాని కిందనే వయసు, స్త్రీ లేదా పురుషుడు, సబ్జెక్టు, సర్వీసు, వివాహమైందా లేదా అని అడిగారు. మా బడిలో ఫిజికల్ సైన్సు చెప్పే ఆడమనిషి ఒక్కరే. ఆవిడ పేరు రాయకపోతే ఏం, రాస్తే ఏం? నిండిన ఫారాలన్నీ హెచ్‌ఎం గారి బల్ల మీదికి చేరాయి. ఆయన కట్ట మీద బడి ముద్ర వేసి ఇచ్చారు.

రేపు ఈ కాగితాలు అంకెలవుతాయి. గుంపుల మధ్య తేడా ఉందా అని చూసే టీ టెస్టులు, ఎఫ్ విలువలు కడతారు. పురుషులకూ మహిళలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేలుతుంది. పట్టణానికీ గ్రామానికీ మధ్య కొద్దిగా ఉందంటారు. సంస్థాగత వాతావరణం సగటు కన్నా మెరుగ్గా ఉందంటారు. ఉపాధ్యాయులకు ఒత్తిడి తగ్గించాలని సిఫార్సు చేస్తారు. ఎం.ఎడ్. రోజుల నుంచీ ఇలాంటి థీసిస్‌లు చాలా చదివాను. జిల్లా పేరు మార్చి చదివినా చాలావాటిలో ఏ వాక్యమూ అడ్డు రాదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. విద్యా నిర్వహణ మీద, సంస్థల్లో మనుషుల ప్రవర్తన మీద మన దగ్గర జరుగుతున్న పరిశోధన చాలావరకు దాని అసలు విషయాన్ని గుమ్మం దగ్గరే వదిలేస్తోంది. ఆ ఫారం మా బడిలోకి వచ్చి, చేతులు మారి, నిండి వెళ్ళిన తీరే సంస్థాగత ప్రవర్తన. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరేం అడిగారు, ఎవరు ఎందుకు ఊరుకున్నారు, ఎవరి బల్ల మీదికి చేరింది అన్నవాటిలోనే మా బడి మొత్తం ఉంది. థీసిస్‌లో రానిది అదొక్కటే.

కూర్చుని చూసినవాళ్ళకు కనిపించింది

ఈ శాస్త్రం పుట్టిందే మరోలా. షికాగో పక్కన సిసిరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ హాథోర్న్ ఫ్యాక్టరీలో 1924లో వెలుతురు ప్రయోగాలు మొదలయ్యాయి. దీపాలు పెంచితే పని పెరుగుతుందా అని చూడబోతే ఆ లెక్క కుదరలేదన్నంత వరకు బీఈడీ పాసైన ప్రతివాళ్ళకూ తెలుసు. ఆ తరవాత జరిగిన రెండు పనుల గురించి తక్కువగా చెప్తారు.

ఒకటి, 1928 నుంచి అక్కడ వేలమంది కార్మికులతో మాట్లాడారు. మొదట్లో చేతిలో ప్రశ్నలు పెట్టుకుని వెళ్ళారు. కార్మికులు ఆ ప్రశ్నకు ముక్తసరిగా జవాబు చెప్పి తమ మనసులో ఉన్న వేరే సంగతికి మళ్ళిపోవడం గమనించారు. దాంతో పద్ధతే మార్చేశారు. ప్రశ్నలు పక్కనపెట్టి, మనిషి ఎటు తీసుకెళ్తే అటు వినడం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూకి పట్టే సమయం పెరిగింది, లోపలి విషయం బయటికొచ్చింది.

రెండోది, 1931 నవంబరు నుంచి దాదాపు ఆరు నెలలు 14 మంది కార్మికుల్ని ఒక గదిలో పనిచేయిస్తూ, మూల ఒక పరిశీలకుణ్ణి కూర్చోబెట్టారు. ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బొచ్చే ఏర్పాటు ఉంది. అయినా వాళ్ళు రోజుకి ఇంత చాలని తమలో తామే ఒక లెక్క పెట్టుకున్నారు. దాన్ని దాటి చేసేవాణ్ణి పక్కవాడు భుజం మీద ఒక్కటి చరిచి దారికి తెచ్చేవాడు. కాగితం మీద ఎక్కడా లేని ఈ కట్టుబాటు, కాగితం మీద ఉన్న జీతాల పథకం కన్నా బలమైనదని తేలింది. ప్రశ్నావళితో ఇది తేలేదా? "మీరు కావాలని తక్కువ పని చేస్తారా?" అని అడిగితే ఎవరు అవునంటారు?

కొత్తగా డీఎస్సీలో వచ్చిన ఒక ఎస్‌జీటీ అమ్మాయి పక్క ఊరి ప్రైమరీ స్కూల్లో చేరింది. సాయంత్రం బెల్లు కొట్టాక చదవలేని పిల్లల్ని ఓ అరగంట ఉంచి చెప్పేది. అక్కడి సీనియర్ ఒకాయన చాలా మర్యాదగా అన్నారట: "అమ్మా, నువ్వు చెయ్యడం మంచిదే. రేపు ఎంఈఓ గారు చూసి అందర్నీ ఉండమంటే మా బస్సుల సంగతేంటి?" ఆ అమ్మాయి ఆపేసింది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయన దిగాల్సిన చోటికి ఆ వేళ దాటితే చాలాసేపు బస్సు లేదు. సిసిరోలో భుజం మీద పడ్డ దెబ్బా ఇక్కడ మర్యాదగా వచ్చిన మాటా ఒకే పని చేశాయి. ఆ బడికి ఫారం పంపిస్తే "మా పాఠశాలలో ఉపాధ్యాయుల మధ్య సహకారం ఉంది" అన్నచోట ఇద్దరూ పూర్తిగా ఏకీభవిస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు కూడా.

ఫారాలన్నీ పనికిరానివని అనడం లేదు. బడుల సంస్థాగత వాతావరణాన్ని కొలవడానికి హాల్పిన్, క్రాఫ్ట్ అనే ఇద్దరు అమెరికన్లు 1963లో అచ్చేసిన ప్రశ్నావళికి ఇప్పటికీ గౌరవం ఉంది. అక్కడి 71 ప్రాథమిక బడుల్లో పనిచేసి, 64 వాక్యాలతో తయారుచేశారు. అందులో నాకు నచ్చేది, "మీకు ఎలా అనిపిస్తోంది" అని కాకుండా "ఇది మీ బడిలో ఎంత తరచుగా జరుగుతుంది" అని అడగడం. పాఠం చెప్పే పనికి కాగితాల పని అడ్డొస్తోందా అని ఆ రోజుల్లోనే అడిగారు. దాని నకళ్ళు మన దాకా వచ్చేసరికి జరిగేది అడగడం పోయి, అనిపించేది అడగడం మిగిలింది. ఇంకో చిక్కు, ఆ బడులకు మిర్చి కోతలు లేవు. మా దగ్గర ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే పై తరగతుల పిల్లలు తల్లులతో కలిసి కాయ కోతకు పోతారు. హాజరు పడిపోతుంది, పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తుంటాయి. ఆ రోజుల్లో ఏ బడి ఎలా సర్దుకుంటుంది, హెచ్‌ఎం ఎవరిని ఊళ్ళోకి పంపుతారు, ఎవరు వెళ్ళనంటారు, రిజిస్టర్‌లో ఏం రాస్తారు? గుంటూరు, పల్నాడు జిల్లాల్లో ఒక బడి నిర్వహణ ఎలా ఉందో తెలుసుకోవాలంటే అంతకన్నా మంచి కిటికీ లేదు. ఏ ప్రశ్నావళిలోనూ నేనది చూడలేదు.

మన బడుల మీద ప్రపంచం చదివింది

అసలు బాధ ఇక్కడుంది. బడి నిర్వహణ మీద ప్రపంచంలో బాగా పేరున్న పరిశోధనల్లో కొన్ని మన రాష్ట్రంలోనే జరిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు కొన్ని వందల పల్లెటూరి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పనిచేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించిన పని అది. లాటరీ తీసినట్టు బడులను గుంపులుగా విడగొట్టి, ఒక గుంపులో ఒక మార్పు చేసి, ఇంకో గుంపుతో పోల్చారు.

పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు కొంచెం బోనస్ ఇవ్వడం ఆ మార్పుల్లో ఒకటి. సగటున ఏడాది జీతంలో 3 శాతం. రెండేళ్ళయ్యాక ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్ళ కన్నా ముందున్నారు. 2011లో ఆ పత్రం అచ్చయింది. అందులో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి. బోనస్ పెట్టినా టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. బడికి వచ్చిన రోజున చేసే పని మారింది. అది ఎలా తెలిసిందంటే, ఏడాది చివర్లో టీచర్ల దగ్గరికి వెళ్ళి, బోనస్ మాట ఎత్తకుండా, గడులు పెట్టకుండా, "ఈ ఏడు పిల్లల కోసం ప్రత్యేకంగా ఏమన్నా చేశారా" అని మామూలుగా అడిగారు. బోనస్ ఉన్న బడుల్లో ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే చెప్పారు: అదనపు క్లాసు పెట్టాం, ఇంటిపని ఎక్కువిచ్చాం, వెనకబడ్డవాళ్ళని చూసుకున్నాం అని. నోట్లో జవాబు పెట్టకుండా అడిగారు గనక ఆ మాటకు విలువ.

ఇంకోటి ఇంతకన్నా ముఖ్యం, మన దగ్గర దాని గురించి మాట్లాడుకోవడం నేను వినలేదు. కొన్ని బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరెక్కడ వెనకబడ్డారో వివరంగా రిపోర్టులు రాసి టీచర్లకు ఇచ్చారు. మనుషుల్ని పంపి తరగతులు గమనించారు. చూస్తున్నంతసేపు ఆ టీచర్లు మిగతా బడులవాళ్ళ కన్నా చురుగ్గా కనిపించారు. చివర పరీక్ష పెడితే పిల్లల చదువులో తేడా లేదు. 2010లో వచ్చింది ఆ పత్రం. రోజూ ముఖం చూపించి హాజరు వేయించుకుంటూ, 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో కూడా అప్‌లోడ్ చేసిన మనకు ఇది అక్షరాలా మన సొంత సంగతి. 2022 ఆగస్టులో ముఖం గుర్తించే హాజరు యాప్ పెట్టినప్పుడు మన గొడవంతా మా సొంత ఫోన్లో ఎందుకు వేయించాలి అన్నదాని మీద జరిగింది. ఆ గొడవ న్యాయమైందే. దానితో పాటు ఇంకో మాట అని ఉండాల్సింది: అయ్యా, చూస్తున్నంతసేపు చురుగ్గా ఉండటం వేరు, పిల్లలకు చదువు రావడం వేరు అని మన రాష్ట్రం మీద జరిగిన పరిశోధనే చెప్తోంది, చదివారా అని. ఆ మాట అనడానికి మన దగ్గర కాగితం లేదు. ఉన్నది ఇంగ్లీషులో, ఆర్థికశాస్త్ర పత్రికల్లో ఉండిపోయింది.

శాలా సిద్ధి గురించి కూడా చెప్పకుండా ఉండలేను. ఏటా నింపుతున్నాం, మన బడికి మనమే స్థాయిలు వేసుకుని, అభివృద్ధి ప్రణాళిక రాస్తున్నాం. మధ్యప్రదేశ్‌లో ఇలాంటి కార్యక్రమాన్నే మురళీధరన్, అభిజిత్ సింగ్ పరీక్షించి 2020లో ఫలితం బయటపెట్టారు. మూల్యాంకనాలు దాదాపు అన్ని బడుల్లోనూ పూర్తయ్యాయి. వేసిన స్థాయిలు కూడా నిజానికి దగ్గరగానే ఉన్నాయి. బడి నడిచే తీరులో మాత్రం మార్పు లేదు, పిల్లల చదువులోనూ లేదు. అయినా పైవాళ్ళు అది విజయమనుకున్నారు, దేశంలో 6 లక్షలకు పైగా బడులకు విస్తరించారు. పైనుంచి చూసేవాళ్ళకు కనిపించేది నిండిన ఫారమే కదా. సంస్థలు లోపలి పనిని కదిలించకుండా బయటికి కనిపించే తంతును శ్రద్ధగా జరుపుకుంటాయని మేయర్, రోవన్ అనే సమాజశాస్త్రవేత్తలు 1977లోనే రాశారు. వాళ్ళ తరవాతి వ్యాసానికి ఉదాహరణే బడి.

మా చెల్లెలి కూతురి వాదన

ఇదంతా చెప్తే ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. తరవాత అంది: "పెద్దమ్మా, వాళ్ళ వెనక ప్రపంచ బ్యాంకు ఉంది. నా వెనక ఎవరున్నారు? పొద్దున్నించి సాయంత్రం దాకా కాలేజీ. సెలవు పెడితే జీతం కోత. బాబుకి మూడేళ్ళు. నువ్వు చెప్పినట్టు ఒక బడిలో ఆరు నెలలు కూర్చుంటే శాంపిల్ ఒకటేనా అని వైవాలో అడుగుతారు. గైడ్ గారు టూల్ ఏది, వేరియబుల్స్ ఏవి అని అడుగుతారు. నేనేం చెప్పను?"

ఇందులో ఒక్క ముక్క కొట్టిపారేసేది లేదు. ప్రైవేటు బీఈడీ కాలేజీల్లో పనిచేసేవాళ్ళ బతుకు నాకు తెలుసు. పీహెచ్‌డీ ఉంటే ఉద్యోగం నిలబడుతుందన్న ఆశ, పక్కన గడువు తరుముతూ ఉంటుంది. థీసిస్ ఇవ్వక ముందే పత్రికలో పేపరు అచ్చయి ఉండాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది, మంచిపనే. దానివల్ల డబ్బు కట్టి అచ్చేయించుకునే బాధ కొంత తగ్గి ఉండొచ్చు. వైవాలో అడిగే ప్రశ్నలు మారనంత కాలం పిల్లలు అదే దారిన పోతారు. నా కోపం ఈ అమ్మాయి మీద కాదు. వేరియబుల్ అంటే లింగం, వయసు, ప్రాంతం తప్ప ఇంకోటి ఉండదన్నట్టు నేర్పే గైడ్ల మీద, ఆ పట్టీ చూసి తృప్తిపడే పరీక్షకుల మీద.

శాంపిల్ ఒకటేనా అన్న ప్రశ్నకు మాత్రం నాకు జవాబుంది. సిసిరోలో ఆ గదిలో ఉన్నది 14 మందే. తొంభై ఏళ్ళు దాటాయి, ఇంకా వాళ్ళ గురించి చదువుతున్నాం. వందల ఫారాల్లో ఒకే అబద్ధాన్ని సగటు తీయడం కన్నా ఒక బడిని తెలుసుకోవడం పెద్ద పని. డబ్బు లేకపోయినా చేయగలిగింది కూడా ఉంది. ఆరు నెలలు అక్కర్లేదు. ఒక హెచ్‌ఎం వెనక వారం రోజులు తిరిగి, ఆయన దగ్గరికి ఎవరెవరు ఎందుకొచ్చారు, ఎన్ని ఫోన్లు ఆఫీసు నుంచి, ఎంతసేపు తరగతి గదిలో, ఎంతసేపు యాప్ ముందు అని రాసుకుంటే చాలు, అలాంటి పుస్తకం నేను రాత్రంతా కూర్చుని చదువుతాను. మనలో చాలామంది పరిశోధకులు స్వయంగా టీచర్లు. బడి లోపలి మనిషి కావడం బయటినుంచి వచ్చిన ఏ ప్రొఫెసర్‌కీ లేని బలం. ఆ బలాన్ని వదిలేసి, ముక్కూ మొహం తెలియనివాళ్ళలాగా కవర్లో ఫారాలు పంపించుకుంటున్నాం.

ఫారం తప్పదనుకుంటే, దాన్ని హెచ్‌ఎం చేతికి ఇవ్వకుండా ఉంటే సగం నయం. అడిగే పద్ధతి ఎంత ముఖ్యమో చూపించినవాళ్ళు ఉన్నారు. నికొలస్ బ్లూమ్, రెనాటా లేమోస్, రఫెల్లా సాదున్, జాన్ వాన్ రీనెన్ అనే ఆర్థికవేత్తలు 2015లో 8 దేశాల 1,800కు పైగా ఉన్నత పాఠశాలల మీద పత్రం అచ్చేశారు. వాళ్ళు ప్రిన్సిపాళ్ళకు గడులు ఇవ్వలేదు. ఫోన్లో మాట్లాడారు. "ఒక టీచరు సరిగ్గా పనిచేయకపోతే ఏం చేస్తారు? ఈమధ్య అలా జరిగిన సంగతి ఒకటి చెప్పండి" అన్న రకంగా అడుగుతూ పోయి, విన్నదాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వాళ్ళే వేసుకున్నారు. మార్కులు వేస్తున్నట్టు అవతలివాళ్ళకు చెప్పలేదు. ఆ దేశాల్లో మన సగటే అన్నిటికన్నా తక్కువ వచ్చింది. ఆ అంకె చూసి నాకు బాధ వేసింది, కానీ "సగటు కన్నా మెరుగు" అనే థీసిస్‌ల కన్నా దానిమీదే నాకు నమ్మకం.

ఇవన్నీ మన మీదికేనా?

మా ఉపాధ్యాయ సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనతో ఈ విషయం ఎత్తితే ఒకటే అంటారు: "మేడమ్, మీరు చెప్పే ఈ పరిశోధనలన్నీ చివరికి వచ్చి పడేది మన మీదే. బోనస్ అంటారు, రేపు బోనస్ పోయి కోత వస్తుంది. ప్రైవేటులో నిర్వహణ బాగుందంటారు, రేపు బడి మూసేస్తారు."

ఈ భయం ఉత్తిది కాదు. ఆంధ్రప్రదేశ్ బడుల సమాచారంతోనే లేమోస్, మురళీధరన్, డానియేలా స్కూర్ 2021లో రాసిన పత్రం ప్రైవేటు బడుల్లో నిర్వహణ మెరుగని చెప్పింది. ముఖ్యంగా మనుషుల్ని ఎంచుకోవడం, నిలబెట్టుకోవడం దగ్గర. అక్కడ బాగా చెప్పే టీచరుకు జీతం ఎక్కువుంటోంది, ప్రభుత్వ బడిలో ఆ సంబంధమే లేదు. ఇది వినగానే మనవాళ్ళకు మండుతుంది. అదే మురళీధరన్, సుందరరామన్ 2015లో ఇంకో పత్రం అచ్చేశారు. లాటరీ తీసి ప్రైవేటు బడికి పంపిన పిల్లలకు నాలుగేళ్ళ తరవాత తెలుగులో, లెక్కల్లో అదనంగా ఏమీ రాలేదు. హిందీ బాగా వచ్చింది. ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు మాత్రం ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు లోపే. ఆ తగ్గిన ఖర్చు ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలుసు, అక్కడి టీచరు జీతంలోంచి. ఆ రోజుల్లో మన ప్రభుత్వ టీచరు జీతంలో ఆరోవంతు కూడా లేదు వాళ్ళది.

ఒకే సమాచారం మీద ఇన్ని మాటలు మాట్లాడొచ్చు. నిర్వహణ మెరుగంటే, మనిషికి తక్కువిచ్చి ఎక్కువ రాబట్టడమా? మంచి టీచరును గుర్తించడమా? రెండూ కలిసి ఉన్నాయా? నాకు ఇంకా పూర్తిగా తేలలేదు. మా పెద్దాయన చెప్పినట్టు చదవకుండా ఉంటే ఇది ఎప్పటికీ తేలదు. పైవాళ్ళు తమకు కావలసిన వాక్యం ఏరుకుని జీవో ఇస్తారు, మనకు కావలసిన వాక్యం అందులోనే ఉందని కూడా మనకు తెలియదు. గైర్హాజరు గురించే చూడండి. 2003లో చెప్పకుండా వెళ్ళి చూస్తే దేశంలో నాలుగోవంతు మంది టీచర్లు బడిలో లేరని వచ్చిన లెక్క ఇప్పటికీ మన నెత్తిన కొడతారు. అందులో మన తప్పు ఉంది, ఆఫీసు పని మీద తిప్పిన రోజులూ ఉన్నాయి. ఏది ఎంతో లోపలివాళ్ళం రాసి చూపిస్తే తప్ప ఇంకొకళ్ళు రాయరు.

గేటు లోపలికి రానివ్వని చోట్లు

మన పరిశోధకులు అసలు అడుగు పెట్టలేనిది ఇంకోటి ఉంది. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల వ్యవస్థ పెరిగి పెద్దదయింది విజయవాడ, గుంటూరుల్లోనే. రాష్ట్రమంతా, పక్క రాష్ట్రాలకూ పాకింది. వారానికో పరీక్ష, ర్యాంకునుబట్టి సెక్షన్లు మార్చడం, సెక్షన్ ఫలితాన్నిబట్టి లెక్చరర్ జీతం, వేసవిలో అడ్మిషన్ల కోసం లెక్చరర్లే ఊళ్ళు తిరగడం, ఇవన్నీ మనకు ఇంటింటా తెలిసిన సంగతులు. నిర్వహణశాస్త్రం చదివేవాళ్ళకు ఇంతకన్నా గనిలాంటి చోటు దొరుకుతుందా? ఎంబీఏ విద్యార్థులు బ్యాంకుల్లో, షోరూమ్‌ల్లో ఉద్యోగ సంతృప్తి ప్రాజెక్టులు చేస్తారు. ఈ కాలేజీల గేటు దగ్గర ఆగిపోతారు. యాజమాన్యం అనుమతి ఇవ్వదు. ఇచ్చినా ఫారాలు డీన్ చేతి మీదుగా వెళ్ళి డీన్ చేతి మీదుగానే వస్తాయి.

మా దూరపు బంధువు ఒకతను అలాంటి కాలేజీలో ఫిజిక్స్ చెప్పి మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే జీతం గురించి ఒక్క మాట అనలేదు. "అక్కా, ఒక పిల్లాడు వారం నుంచి సరిగ్గా తినడం లేదని మీటింగులో చెప్పాను. ఆ సంగతి వార్డెన్ చూసుకుంటాడు, మీ సెక్షన్ సగటు చెప్పండి అన్నారు" అన్నాడు. పని చోట తప్పు కనిపించినప్పుడు నోరు విప్పడానికి మనిషి భయపడతాడా లేదా అన్నదాన్ని ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక కంపెనీ బృందాల మధ్య తిరిగి అధ్యయనం చేసి 1999లో అచ్చేసింది. అంతకు ముందు ఆమె ఆసుపత్రుల్లో పనిచేసినప్పుడు మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదవడం కనిపించింది. అక్కడ పొరపాట్లు ఎక్కువై కాదు, చెప్పుకోగలగడం వల్ల అయి ఉండాలని ఆమె ఆలోచన అటు మళ్ళింది. మన హాస్టల్ కాలేజీల్లో ఆ పిల్లాడి సంగతి చెప్పగలిగే చోటు ఎక్కడుంది, లేనిచోట ఎందుకు లేదు? ఇది ఎవరో ఒకరు చేసి తీరాల్సిన పరిశోధన. మానేసి బయటికొచ్చిన లెక్చరర్లు ఈ రెండు ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా దొరుకుతారు. వాళ్ళతో మాట్లాడటానికి ఏ యాజమాన్యం అనుమతీ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం, కొన్ని ఆదివారాలు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ప్రభుత్వ బడుల విషయంలో నేను అడిగేది చిన్నది. డీఈఓ ఆఫీసు పరిశోధకులకు అనుమతి పత్రం ఇస్తుంది కదా, అందులో రెండు షరతులు కలపమంటున్నాను. ఫారం గానీ ఇంటర్వ్యూ గానీ హెచ్‌ఎం చేతి మీదుగా పోకూడదు, టీచరు ఇంటినుంచే పరిశోధకుడికి నేరుగా పంపుకోవాలి. పని పూర్తయ్యాక తేలిందేమిటో తెలుగులో రెండు పేజీలు రాసి, పాల్గొన్న ప్రతి బడికీ ఇవ్వాలి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో అరగంట నిలబడి చెప్పి, మేం అడిగేవాటికి జవాబివ్వాలి. మా చెల్లెలి కూతురు రెండోదానికి ఒప్పుకుంది. మొదటిదానికి మాత్రం, అలా అయితే సగం ఫారాలు వెనక్కి రావు పెద్దమ్మా అంది. రాకపోతే ఎన్ని రాలేదో, ఏ బడి నుంచి రాలేదో థీసిస్‌లో రాయమన్నాను. గైడ్ గారిని అడిగి చెప్తానంది.